అటక మీది పిలుపు

గవరయ్య గురువుగారు ఎవరు ఏం అడిగినా వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. ఏదో ఒక పని పురమాయించి ఊరుకునేవారు.

ఆయన ఆశ్రమంలో పన్నెండేళ్ళుగా ఉంటున్న పారమ్మ ఒక సాయంత్రం వచ్చి ఆయన ముందు కూర్చుంది. "బాబూ, నా కూతురు పోయిన నాటి నుంచీ దేవుణ్ణి పిలుస్తూనే ఉన్నాను. అక్కడ అది ఎలా ఉందో ఒక్క మాట చెప్పమన్నాను. ఇన్నేళ్ళలో కలలోనైనా పలకలేదు. అసలు వినేవాడు ఉన్నాడా?" అంది. ఏడుపు ఎప్పుడో ఇంకిపోయిన గొంతు అది.

గురువుగారు నోరు విప్పేలోగా వంటమనిషి సత్తెయ్య ఆదరాబాదరాగా వచ్చాడు. ధాన్యం కొట్టు అటక మీద నాలుగు రాత్రులుగా ఏదో బుసకొడుతోందట. నాగుపామో, కొరివిదెయ్యమో తెలియక, గింజలు తీయడానికి ఎవరూ వెళ్ళడం లేదట. "సెలవిస్తే ఎల్లుండి మిరపకాయల పొగ పెట్టేస్తాను బాబూ. ఏదున్నా చస్తాది" అన్నాడు.

"ముందు అదేమిటో తెలియాలి కదా" అని గురువుగారు పారమ్మ వైపు తిరిగారు. "వెళ్ళి విని రా తల్లీ."

ఆ రాత్రి పారమ్మ కొట్టులో నిచ్చెన కింద కూర్చుంది. పొద్దు గుంకిన కాసేపటికే మొదలైంది. ఉబ్బసం మనిషి ఊపిరి లాగుతున్నట్టు ఒక గరగర. ఆమె గుండె చిక్కబట్టుకుని వింది. పాము ఇలా ఆగి ఆగి బుసకొట్టదు. పైగా అది ఒక్క గొంతు కాదు, మూడు. వినగా వినగా ఆమెకు భయం పోయి మరేదో కలిగింది. జ్వరంలో పడి ఉన్న రోజుల్లో కూతురు "అమ్మా, అమ్మా" అంటూ మూలిగిన తీరు గుర్తొచ్చింది. ఇవీ తల్లిని పిలుస్తున్న పిల్లలే. ఆకలి గొంతును తల్లి చెవి పోల్చుకోకుండా ఉంటుందా?

మర్నాడు రాత్రి లాంతరు పట్టుకుని అటకెక్కింది. మూలన మూడు తెల్ల గుడ్లగూబ పిల్లలు ఒకదానికొకటి ఒరుసుకుని, దూదిపింజల్లా ఉన్నాయి. అవి అరుస్తున్నాయి. వాటి తల్లి వచ్చేదాకా కదలకూడదనుకుని, లాంతరు తగ్గించి చీకట్లో కూర్చుంది. చాలాసేపు అరిచాయి. ఉన్నట్టుండి అరుపు ఆగిపోయింది. ఏమైందోనని కంగారుగా ఒత్తి పెంచి చూస్తే, ఒక పిల్ల నోట్లోంచి ఎలుక తోక వేలాడుతోంది. దూలం మీద తల్లి గూబ. మరుక్షణం అది గవాక్షంలోంచి వెళ్ళిపోయింది. పారమ్మ చెంపకు కాస్త గాలి తగిలింది, అంతే.

తెల్లవారి ఆమె సత్తెయ్యకు గట్టిగా చెప్పింది, పిల్లలు ఎగిరిపోయేదాకా పొగ మాట ఎత్తొద్దని. తర్వాత గురువుగారి దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్పింది.

"పక్కనే ఉన్నాను బాబూ, చెవులు రిక్కించుకుని. అయినా ఆ తల్లి ఎప్పుడు వచ్చిందో నాకు వినబడలేదు."

గురువుగారు అన్నారు:

"పిల్లలకూ వినబడి ఉండదమ్మా. నోళ్ళు మాత్రం తెరిచే ఉంచాయి."