బంగారక్క కొసరు

పిల్లలూ, ఈ కథ నమ్మనివాడు ఎవడైనా ఉంటే ఇప్పుడే లేచి అవతలికి పోవచ్చు. మధ్యలో "నిజమా తాతా?" అన్నవాడికి నా వెనకకాళ్ళ సంగతి తెలుస్తుంది. ఒకప్పుడు ఈ కాళ్ళతో తన్నితే, పడబోయిన పిడుగు వెనక్కి పోయి మబ్బులో దాక్కుంది. ఇప్పుడు ఈగను తోలడానికి తోక కూడా లేవడం లేదు. అది వేరే సంగతి.

అనగనగా ఒక అడవి. ఆ అడవి అయిపోయాక, పట్నం ఇంకా మొదలు కాకముందు, రేగుపేట అని ఒక పేట. అదే మన ఊరు.

రేగుపేటలో ఉడుత బంగారక్కకు పళ్ళ కొట్టు ఉండేది. కొట్టంటే ఏముంది, ఒక బండరాయి, దాని మీద నాలుగు బుట్టలు. రేగుపళ్ళు, నేరేడుపళ్ళు, సీతాఫలాలు. దొన్నె నిండా కొలిచి పోశాక పైన ఒక పచ్చిగింజ పెట్టేది. అది కొసరు. దాన్ని ఎవరూ తినకూడదు. ఇంటికి పోయే దారిలో నేల ఎక్కడ మెత్తగా తగిలితే అక్కడ వదిలి, కాలితో మట్టి కప్పాలి.

"కొన్నది కడుపుకి, కొసరు నేలకి" అనేది బంగారక్క.

పేటలో ప్రతి చెట్టూ అలా ఎవరో ఒకరి కొసరే.

మరి ఆ బుట్టలు మోసిందెవరు? ఈ గాడిద తాతే! ఒక్కో బుట్ట కొండంత. అటు రెండు కొండలు, ఇటు రెండు కొండలు వేసుకుని, పాట పాడుకుంటూ నడిచేవాణ్ణి.

ఏమిట్రా బుల్లోడా, గొణుగుతున్నావు? ఉడుత కొట్టులో కొండంత బుట్టలేమిటనా? కూర్చో. అప్పట్లో కొండలు చిన్నవి.

నేను చెట్టు కింద నిలబడి ఒక్క ఓండ్ర పెడితే పళ్ళన్నీ వాటంతటవే రాలేవి. బంగారక్క బుట్ట పట్టేది. "చాల్లే తమ్ముడూ, ఆకులు కూడా రాలిపోతున్నాయి" అని నవ్వేది. ఆ నవ్వు నాకు ఇంకా వినబడుతుంది.

ఒక చలికాలం, మంచుకొండల అవతలి నుంచి చారల బాతు దొర వచ్చాడు. వెనక నూరు బాతులు. మూటల్లో మెరిసే పొట్లాలు. పొట్లాల్లో వేయించి ఉప్పు పట్టించిన గింజలు. చెరువుగట్టున కొట్టు పెట్టాడు.

"ఇవే గింజలు ఏడు సముద్రాల దగ్గర అమ్ముతున్నాం. ఎక్కడ తిన్నా ఒకటే రుచి" అన్నాడు.

పేటంతా ఎగబడింది. కోతి నాలుగు పొట్లాలు నమిలేసి, "అబ్బ! ఇదీ తిండంటే! ఇన్నాళ్ళూ మనం గడ్డి తిన్నాం" అంది.

"నువ్వు తినలేదు, నేను తిన్నాను" అన్నాను నేను.

తాబేలు బోడెన్న ఒక్కడే మెడ బయటపెట్టి అడిగాడు. "బాగున్నాయి దొరా. మరి కొసరు?"

"కొసరంటే?"

"పైన ఒక పచ్చిగింజ. నేలకి."

బాతు దొర నవ్వాడు. "ఏడు సముద్రాల దగ్గరా ఎవరూ అడగని మాట ఇది."

అందరూ నవ్వారు. బోడెన్న సిగ్గుపడి మెడ లోపలికి లాక్కున్నాడు.

తరవాత దొర నా వైపు తిరిగాడు. "నీలాంటి బలశాలిని ఏ దేశంలోనూ చూడలేదు. నా పొట్లాలు మొయ్యి. మెడకు ఇత్తడి గంట, వీపుకు ఎర్ర జీను ఇస్తాను."

బలశాలి అన్నాడు పిల్లలూ. అదొక్క మాట చాలు, నేను పడిపోవడానికి.

మర్నాడు గంట మోగించుకుంటూ బంగారక్క కొట్టు ముందు నుంచే వెళ్ళాను.

"తమ్ముడూ, బుట్టలు తేవాలి, వస్తావా?"

"రేపు వస్తానక్కా."

మర్నాడు అడిగితే మళ్ళీ రేపన్నాను. మూడోనాడు అక్క అడగలేదు. ఒక్కో పండే నోట కరుచుకుని, చెట్టుకీ రాయికీ మధ్య తిరుగుతోంది. చూడనట్టు పోయాను. నా గంట బాగా మోగింది ఆ రోజు.

ఆ ఏడు గడిచేసరికి బండరాయి మీద బుట్టలు లేవు. అక్క అడవిలోకి వెళ్ళిపోయింది.

రెండో ఏడు, పొట్లాల గోదాముకి చెట్లు అడ్డమన్నాడు దొర. కోతులే అన్నీ కొట్టేశాయి. తాము పడుకునే కొమ్మలు తామే! "పొట్లాలున్నాక పళ్ళెందుకు?" అన్నాయి.

మూడో ఏడు చలికాలం వచ్చింది. ఏటా వచ్చే బాతులు ఈసారి రాలేదు.

కాకి కబురు తెచ్చింది. "తూర్పున ఇంకా పెద్ద చెరువు దొరికిందట. అక్కడి గాడిద గంట అడగకుండానే మోస్తోందట."

గోదాములో మిగిలిన పొట్లాలు కొన్నే. అప్పుడు కోతికి గొప్ప ఆలోచన వచ్చింది. "వీటిని నాటుదాం. పొట్లాల చెట్లు మొలుస్తాయి!"

నాటాం. నలభై రోజులు నీళ్ళు పోశాం. నేనొక్కణ్ణే చెరువులో సగం మోసి పోశాను. రోజూ అందరం గుండ్రంగా కూర్చుని నేలకేసి చూసేవాళ్ళం. ఏమీ రాలేదు. చివరికి బోడెన్న తవ్వి, కుళ్ళిన గింజ ఒకటి బయటికి తీశాడు.

"వేయించిన గింజ మొలుస్తుందట్రా?" అన్నాడు.

ఆ సంగతి మా అందరికీ ఒకప్పుడు తెలుసు. మూడేళ్ళు మట్టి ముట్టుకోకపోతే మరిచిపోయాం.

ఆ రాత్రే గంట తీసి చెరువులో పారేశాను. ఒక్క గెంతులో ఏడు కొండలు దాటి బంగారక్కను చేరాను.

సరే, గెంతు కాదు. తొమ్మిది రోజులు పట్టింది. కుంటుతూ వెళ్ళాను.

అక్క ముసలిదైపోయింది. చెట్టుతొర్ర లోంచి చూసి, "గంటేదిరా తమ్ముడూ?" అంది.

"బరువైందక్కా."

"కొండలు మోసినవాడివి. గంట బరువైందా?"

తల దించుకున్నాను. "పేటకు నువ్వు రావాలక్కా."

"ఇక దిగలేను. పళ్ళూడిపోయాయి, బుట్టలు పట్టే ఓపిక లేదు." తొర్రలో తడిమి ఏడు నేరేడు గింజలు తీసి నా ముందు పెట్టింది. పచ్చివి.

"కొనకుండా కొసరేమిటక్కా?" అన్నాను.

"నా బుట్టలు అన్నాళ్ళు మోశావుగా. దానికి."

పిల్లలూ, నా జీవితంలో నేను మోసిన అతి పెద్ద బరువు ఆ ఏడు గింజలే. ఇందులో గోరంత కూడా అతిశయోక్తి లేదు.

పేటకు తెచ్చి నాటితే, నాలుగు ఎండిపోయాయి. ఒకటి మేక తినేసింది. రెండు బతికాయి. ఇదిగో, ఈ నీడ వాటిదే. నా ఒక్క చెవికే సరిపోతుంది ఇప్పటికి. దీని పండు నేను తినను, మీరు తింటారు. తిని గింజ ఏం చెయ్యాలో చెప్పక్కర్లేదు కదా.

నీతి: మెరిసేదాని కోసం మనవాళ్ళను విడిచిపెడితే, మెరుపు పోయాక నీడ కూడా మిగలదు.

నమ్మకం లేకపోతే చెరువుగట్టుకు పోయి అడగండి. నీళ్ళ అడుగున ఆ గంటను రోజూ చూసేవాడు అక్కడే ఉన్నాడు, సాక్షి తాబేలు బోడెన్న.