తెర మీద శుభలేఖ

పెద్దాపురం బజారులో పెళ్లికార్డులు అచ్చేసే గవర్రాజుకి తన తెలివి మీద గట్టి నమ్మకం. "చెప్పింది చెప్పినట్టు చేసేవాడే తెలివైనవాడురా" అని తమ్ముళ్లు పాపారావుకీ బుల్లియ్యకీ రోజూ నూరిపోసేవాడు.

ఓ పొద్దున కంప్యూటరు ఆన్ చేస్తే తెర మీద చక్రం గిర్రున తిరుగుతోందే గానీ ముందుకు కదల్లేదు. కోటిలింగంగారి కూతురి శుభలేఖ అందులోనే ఉంది. సాయంత్రం బస్సుకి ఆయన కార్డులు పట్టుకుని చుట్టాల ఊళ్లకి బయల్దేరాలి. గవర్రాజు వెంటనే రిపేరు మస్తానుకి ఫోను చేశాడు.

"కరెంటు వైరూ తెరా ఉంచి, తగిలించినవన్నీ తీసెయ్ అన్నా."

అంతే. ప్రింటరు పీకారు. దసరాకి కట్టిన నిమ్మకాయల దండ తీశారు. పెట్టిన బొట్లు గోకేశారు.

"గోడకి ఫ్యాను కూడా తగిలించే ఉంది కదన్నయ్యా?" అన్నాడు పాపారావు.

"బుర్రంటే నీదిరా."

ఇంకేముంది, ఫ్యానూ లైటూ ఫోను చార్జరూ అన్నీ ఊడొచ్చాయి.

"ఇప్పుడు బటన్ నొక్కి పట్టుకోండి. నేను చెప్పేదాకా వదలకండి" అన్నాడు మస్తాను. బుల్లియ్య నొక్కాడు. తెర నల్లబడింది. ఆ వెంటనే చార్జింగు అయిపోయి ఫోనూ ఆరిపోయింది.

"వదిలెయ్యనా అన్నయ్యా?"

"మస్తాను చెప్పాడా?"

"లేదు."

"మరి?"

మధ్యాహ్నం పాపారావు అన్నం కలిపి బుల్లియ్య నోట్లో పెట్టాడు. వేలు తిమ్మిరెక్కితే గవర్రాజు దాని మీద తన వేలేసి నొక్కాడు.

ఫోను కలవక సాయంత్రం మస్తానే వచ్చి, చూసి నెత్తి పట్టుకున్నాడు. "వదలరా నాయనా." వదిలి మళ్లీ ఒక్కసారి నొక్కగానే కంప్యూటరు బుద్ధిగా లేచింది. మస్తాను మౌసు ఒక్కటి తగిలించి తెరిస్తే శుభలేఖ తెర మీద తళతళలాడింది.

"తీసినవాటిలో ఏదో చెడింది. టీ తాగొచ్చి చూస్తా. అందాకా ఏదీ తగిలించకండి."

అతనటు వెళ్లాడో లేదో కోటిలింగం వచ్చాడు. "కార్డులేవయ్యా?"

"అదిగోనండి, తెర మీద."

"తెరని సంచీలో పెట్టుకెళ్లనా? ప్రింటు తియ్యి."

"ప్రింటరు తగిలించొద్దని మస్తాను చెప్పాడండి."

"నా బస్సు పోతుందయ్యా బాబూ."

గవర్రాజు ఆలోచించాడు. తెర ఊళ్లకి వెళ్లడం కుదరదు. చుట్టాలు తెర దగ్గరికి రాగలరు. అంతే, బజారు చివరి ప్రెస్సుకి పరుగెత్తి, అప్పటికప్పుడు కార్డులు కొట్టించి, చదివే వ్యవధి ఇవ్వకుండా కోటిలింగాన్ని బస్సెక్కించాడు.

వాటి మీద ఇలా ఉంది: "కోటిలింగంగారమ్మాయి శుభలేఖ మా కొట్లో తెర మీద ఉన్నది. కావున బంధుమిత్రులు సకుటుంబంగా విచ్చేసి, చదువుకుని పోవలెను."