గవ్వ తినని ముద్ద

అనగనగా ఒక ఊళ్ళో... కాదు కాదు, ఉండు. వాళ్ళకి ఊరే లేదు. కాళ్ళు చాపుకుని సరిగ్గా పడుకో, చెబుతాను. దుప్పటంతా నువ్వే లాక్కుంటే అమ్మమ్మకి ఏం మిగులుతుంది?

అనగనగా ఒక బాతుల మంద. ఆ మందని కాసుకు బతికే ఒక సంసారం. నాన్న పేరు పోలయ్య, అమ్మ పేరు చెంగమ్మ, వాళ్ళ కూతురు పెంచలమ్మ. నీకంటే ఒక జానెడు పొడుగుంటుందేమో, అంతే. వరి కోతలు అయిన చోటికల్లా వాళ్ళు బాతుల్ని తోలుకుని పోయేవాళ్ళు. కోసిన కయ్యల్లో రాలిన గింజల్నీ, నత్తల్నీ బాతులు ఏరుకు తినేవి. పొద్దు గూకితే చుట్టూ వలతో దడి కట్టి వాటిని లోపలికి తోలేవాళ్ళు. పక్కనే చాపలతో చిన్న గుడిసె. గింజలు అయిపోతే దడీ గుడిసే చుట్టేసుకుని ఇంకో ఊరు. బడి ఉండదు కదా అని నువ్వు సంబరపడకు, అక్కడ పనీ ఎక్కువే.

వాళ్ళకి ఒక ఆడకుక్క ఉండేది. నుదుటి మీద తెల్లటి మచ్చ, గవ్వ బోర్లించినట్టు. అందుకే దాని పేరు గవ్వ.

గవ్వ ఎలాంటిదనుకున్నావు? బాతుపిల్ల మూతి మీదికెక్కి కూర్చున్నా నోరు తెరిచేది కాదు. సాయంత్రం మంద దడికి మళ్ళేటప్పుడు, అన్నిటికంటే వెనక ఒక కుంటి బాతు వచ్చేది. గవ్వ దాని వెనకే వచ్చేది. అది ఆగితే ఆగేది, అది నడిస్తే నడిచేది. తరిమేది కాదు. ఆ తర్వాత దడికి వీపు ఆనించి, మొహం చీకటి వైపు పెట్టి పడుకునేది. వీపు బాతులకి, మొహం చీకటికి. గవ్వ అలా పడుకుందంటే నక్క ఆ దరిదాపులకి వచ్చేది కాదు.

పెంచలమ్మకి గవ్వంటే ప్రాణం. పాకే రోజుల్లో దాని తోక పట్టుకునే లేచి నిలబడటం నేర్చుకుంది మరి.

కానీ కన్నా, కుక్కల వయసు మన వయసులాగా నడవదు, పరిగెత్తుతుంది. పెంచలమ్మ ఇంకా చిన్నపిల్లగా ఉండగానే గవ్వ ముసలిదైపోయింది. మూతి నెరిసింది. చెవులు మందగించాయి. ఒకనాడు పొద్దు గూకే వేళకి నక్క వచ్చి, గవ్వ పక్కనుంచే ఒక బాతుని నోట కరుచుకుని పోయింది. గవ్వకి వినపడనే లేదు. తర్వాత తెలిసి, రాలిన ఈకల్ని వాసన చూస్తూ కూర్చుంది. ఆ పూట అన్నం ముట్టలేదు.

అప్పుడు పోలయ్య అన్నాడు, "గవ్వ ఒక్కదాని వల్ల కాదు చెంగమ్మా. దీన్ని ఒక ఈత ఈనిద్దాం. మామిడితోట కాపలాకి ఎర్రకుక్క ఉండాది గదా, దాంతో జత కలిపితే పిల్లలు పులుల్లాగుంటాయి."

చెంగమ్మకి మనసొప్పలేదు. "దాని ఒళ్ళు దానికే బరువైపోతే ఇప్పుడు ఈత ఏందయ్యా? ఊరూరా దిక్కులేని కుక్కపిల్లలు ఎన్ని లేవు? ఒకదాన్ని తెచ్చుకుంటే అదీ బతుకుద్ది, మన బాతులూ బతుకుతాయి."

"ఊరకుక్క పిల్లకి బాతుని చూస్తే నోరూరదా? విత్తు ఒకటి వేస్తే చెట్టు ఒకటి మొలుస్తదా?" అన్నాడు పోలయ్య.

పెంచలమ్మ గవ్వ మెడని కావలించుకుని ఏడ్చింది. "నాకు గవ్వ పిల్లే కావాల. లేకపోతే గవ్వ పోయినాక నాకు గవ్వ ఉండదు గదా" అంది. పాపం, దాని బాధ దానిది. నుదుటి మీద తెల్లమచ్చ ఉన్న బుజ్జిపిల్ల ఒకటి ఉంటే, గవ్వ ఎప్పటికీ పోదనుకుంది.

అప్పుడు చెంగమ్మ, "సరే, నువ్వూ వద్దు నేనూ వద్దు, గవ్వనే అడుగుదాం" అంది.

ఆ బాతుల కాపర్లలో ఒక పద్ధతి ఉండేదిలే. కుక్కపిల్ల కావాలంటే తల్లికి ముద్ద పెట్టి అడగాలి. మూడు సాయంత్రాలు, మూడు ముద్దలు. తింటే ఇచ్చినట్టు. తినకపోతే ఇవ్వనన్నట్టు. ఇవ్వనంటే ఇంక ఎవ్వరూ మారుమాట్లాడకూడదు. ఆ ముద్దలు పెట్టే పని పెంచలమ్మకి వచ్చింది.

మొదటి సాయంత్రం పెంచలమ్మ సంగటి ముద్ద పెట్టింది. "గవ్వా గవ్వా, నాకొక పిల్లనిస్తావా?" అని అడిగింది. గవ్వ ముద్దని నోట కరుచుకుంది. తోక ఊపింది. మెల్లగా గడ్డివామి వెనక్కి పోయింది. "తినిందా పాపా?" అని అడిగాడు పోలయ్య. "నోట పట్టుకుంది నాయనా" అంది పెంచలమ్మ.

రెండో సాయంత్రం చేపల పులుసు కలిపిన అన్నం ముద్ద పెట్టింది. మళ్ళీ అలాగే అడిగింది. గవ్వ మళ్ళీ నోట కరుచుకుని వామి వెనక్కి పోయింది. పోలయ్య సంబరపడిపోయాడు.

మూడో సాయంత్రం నెయ్యీ బెల్లం కలిపిన ముద్ద. చేతికి వాసన పట్టుకుంటుందే, ఆ ముద్ద. నీకూ ఇష్టమేగా. గవ్వ దాన్ని కూడా కరుచుకుని పోయింది. ఈసారి పెంచలమ్మ అడుగులో అడుగు వేసుకుంటూ వెనకాలే పోయింది.

వామి వెనక ఒక కుక్కపిల్ల ఉంది. నల్లగా, బక్కగా, ఒక చెవి చిరిగి. దాని తల్లి ఏమైందో, ఎవరు వదిలేసిపోయారో. గవ్వ బెల్లం ముద్దని దాని ముందు పెట్టింది. పెట్టి, పక్కకి తిరిగి నిలబడింది. ఎవరైనా చూస్తుంటే అది భయపడి తినదు మరి. గవ్వ అటు తిరిగాక, పిల్ల గబగబా తినేసింది.

పెంచలమ్మకి అర్థం కాలేదని నేను చెప్పను. అయింది. గవ్వ ఒక్క ముద్ద కూడా తినలేదు. ఇవ్వనంది. కానీ నా బెల్లం ముద్ద, నా గవ్వ నోట్లోంచి ఇదెవరు తినడానికి అని దానికి ఒళ్ళు మండిపోయింది. మట్టిగడ్డ తీసి విసిరింది. పిల్ల కుయ్యోమంటూ పారిపోయింది. గవ్వ పెంచలమ్మ మొహంలోకి చూసింది. మొరగలేదు, గుర్రుమనలేదు. ఊరికే చూసింది.

గుడిసె దగ్గర చెంగమ్మ పొయ్యి ముందు కూర్చుని అడిగింది. "తినిందా పాపా?"

"తినింది" అంది పెంచలమ్మ.

అంతే. ఒక్క మాట.

ఆ తర్వాత పోలయ్య గవ్వని మామిడితోటలో వదిలి, కొన్నాళ్ళకి తీసుకొచ్చాడు. గవ్వకి కడుపు నిలిచింది. వాళ్ళమ్మ పాత చీర తీసుకుని పెంచలమ్మ మెత్తటి బొంత కుట్టింది, పుట్టబోయే పిల్లల కోసం. నల్లపిల్ల మాత్రం వామిని వదల్లేదు. గవ్వ తన అన్నంలో సగం దానికి మిగులుస్తూనే ఉంది. పెంచలమ్మ కనబడితే చాలు, అది పరుగో పరుగు.

అప్పుడు ఆ ఊళ్ళో గింజలు అయిపోయాయి. కాలవ దాటి అవతలి ఊరికి పోవాలి. బాతులు ఈదుకుంటూ పోయాయి. మనుషులూ గవ్వా పడవ ఎక్కారు. నల్లపిల్ల ఒడ్డు దాకా వచ్చింది. నీళ్ళలో ఒక కాలు పెట్టి, భయపడి వెనక్కి తీసుకుని ఏడ్చింది. గవ్వ బరువు పొట్టతో లేచి నీళ్ళలోకి దూకబోయింది. పెంచలమ్మ దాని మెడ గట్టిగా పట్టుకుంది.

"ఎవరిది ఆ పిల్ల? మనకోసం ఏడుస్తున్నట్టుండాదే" అన్నాడు పోలయ్య.

"నాకేం తెలుసు నాయనా" అంది పెంచలమ్మ. ఒక అబద్ధం ఆడితే అది ఒంటరిగా ఉండదు కన్నా, ఇంకోదాన్ని తోడు తెచ్చుకుంటుంది.

ఆ తర్వాత, ముసురు పట్టిన రోజున గవ్వ ఈనింది. మూడు పిల్లలు. మొదటిది ఊపిరి లేకుండానే పుట్టింది. రెండోది సాయంత్రం దాకా ఉంది. మూడోదానికి నుదుటి మీద తెల్లమచ్చ, గవ్వ బోర్లించినట్టు. పెంచలమ్మ కోరుకున్నదే. దాన్ని ఒళ్ళోనుంచి దించలేదు. బొంతలో చుట్టి గుండెకి హత్తుకుంది. తెల్లారేసరికి అదీ చల్లబడిపోయింది.

పోలయ్య కాలవ గట్టు మీద మూడింటినీ పూడ్చాడు. పూడుస్తూ భుజంతో కళ్ళు తుడుచుకున్నాడు.

గవ్వ ఒళ్ళు కాలిపోయింది. కాళ్ళు నిలవలేదు. అయినా ఈడ్చుకుంటూ గట్టు దాకా పోయింది. పొట్ట నిండా పాలు, తాగేవాళ్ళు లేరు. పూడ్చిన మన్ను వాసన చూసింది. ఆ తర్వాత మొహం కాలవ అవతలికి పెట్టి కూర్చుంది. అన్నం తెచ్చి పెడితే ముట్టకుండా అవతలి ఒడ్డునే చూసింది.

ఏడుస్తున్నావా? రా, ఇటు జరుగు. అమ్మమ్మ కొంగు ఉందిగా. కథ ఇంకా ఉంది.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పెంచలమ్మ అన్నాళ్ళూ చించుకోలేదు. కానీ గవ్వ అలా కూర్చుంటే చూడలేకపోయింది. పోయి వాళ్ళమ్మ ఒళ్ళో పడింది. "గవ్వ తినలేదమ్మా. మూడు ముద్దలూ ఆ నల్లపిల్లకే పెట్టింది. నేనే తినిందని చెప్పినాను. నేనే గవ్వని చంపుతుండా" అని వెక్కి వెక్కి ఏడ్చింది.

చెంగమ్మ కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది. దాని తల నిమిరింది. ఆ తర్వాత, "ఏడిస్తే పోయినవి రావు. ఉన్నదాన్ని తెచ్చుకోపో" అంది.

అప్పుడు పెంచలమ్మ నాన్నతో కలిసి పడవ ఎక్కింది. ఒడ్డున వెతికారు, లేదు. ఊళ్ళో వీధి వీధీ వెతికారు, లేదు. చివరికి వామి దగ్గరికి పోయారు. సగం గడ్డి ఎవరో తీసుకుపోయారు. మిగిలిన గడ్డి వెనక, గవ్వ ముద్దలు పెట్టిన చోటే, నల్లపిల్ల పడుకుని ఉంది. ఎముకలు లెక్కపెట్టొచ్చు. పెంచలమ్మని చూడగానే వణికిపోయి గడ్డిలోకి దూరింది.

పెంచలమ్మ చేతిలో ముద్ద ఉంది. రమ్మంటే రాదు. పిలిస్తే ఇంకా లోపలికి పోతుంది. మరి, ఆ చేయేగా మట్టిగడ్డ విసిరింది! అప్పుడు పెంచలమ్మకి గవ్వ గుర్తొచ్చింది. ముద్దని కింద పెట్టింది. పక్కకి తిరిగి నిలబడింది. వెనక్కి చూడలేదు. నిలబడీ నిలబడీ కాళ్ళు నొప్పులు పుట్టాయి. అప్పుడు వెనకాల మెల్లగా తింటున్న చప్పుడు వినబడింది.

నల్లపిల్లని ఒళ్ళో పెట్టుకుని కాలవ దాటించారు. అది పాలు తాగే వయసు ఎప్పుడో దాటిపోయింది. అయినా గవ్వ దాన్ని చూడగానే ఒళ్ళంతా నాకింది. ఆ తర్వాత పక్కకి ఒరిగి పొట్ట చూపించింది. ఇంత కాళ్ళేసుకుని అది చంటిదానిలాగా పాలు తాగింది. పెంచలమ్మ దానికి ముద్ద అనే పేరు పెట్టింది. నవ్వకు, బాగానే ఉంది పేరు.

పాల బరువు తీరాక గవ్వకి జ్వరం కాస్త తగ్గింది. కాస్తే. పోయిన బలం రాలేదు. సాయంత్రాలు కుంటి బాతు వెనక గవ్వ, గవ్వ వెనక ముద్ద, ముగ్గురూ ఆగుతూ నడుస్తూ వచ్చేవాళ్ళు. గవ్వ దడికి వీపు ఆనించి పడుకుంటే ముద్ద దాని పొట్టలోకి దూరి పడుకునేది. అలా కొన్నాళ్ళే గడిచింది. ఒకరోజు పొద్దున్నే బాతులన్నీ లేచాయి, గవ్వ లేవలేదు. వీపు బాతులకే ఉంది. మొహం రాత్రి చీకటిలోకి పెట్టిన వైపే ఉంది.

పెంచలమ్మ దాని చెవి దగ్గర వంగి, "నాది తప్పు గవ్వా" అంది. అదేం వినపడుతుంది? బతికుండగానే చెవులు వినపడవు దానికి. అయినా చెప్పింది. మూడు పిల్లల పక్కనే గట్టు మీద దాన్ని పూడ్చారు.

ఆ సాయంత్రం మందని దడికి మళ్ళించే దిక్కు లేదని అందరూ దిగులుపడ్డారు. బాతులు వచ్చాయి. అన్నిటికంటే వెనక కుంటి బాతు వచ్చింది. దాని వెనక ముద్ద, అది ఆగితే ఆగుతూ, నడిస్తే నడుస్తూ. ఆ తర్వాత దడికి వీపు ఆనించింది. మొహం చీకటికి పెట్టింది. పోలయ్య అది చూశాడు. విత్తు మాట మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

పెంచలమ్మ బెల్లం ముద్ద చేసి తెచ్చింది. కుక్కపిల్ల ముందు పెట్టి పక్కకి తిరిగింది. అప్పుడు ముద్ద దాన్ని నోట కరుచుకుని లేచింది. గట్టు మీదికి పోయింది. గవ్వని పూడ్చిన కొత్త మన్ను మీద ఆ బెల్లం ముద్ద పెట్టింది. పెట్టి, పక్కకి తిరిగి నిలబడింది.

గుడిసెలోంచి చెంగమ్మ అడిగింది. "తినిందా పాపా?"

పెంచలమ్మకి ఏడుపొచ్చింది. అయినా చెప్పింది. "తినలేదమ్మా. వాళ్ళమ్మకి తీసకపోయి పెట్టింది."

బాతులు దడికి,
గవ్వ గట్టుకి,
కథ కంచికి,
నువ్వూ నేనూ నిద్దరకి.