ఇసుకపురుగు ఎందుకు కనిపించదు

ఒకప్పుడు ఇసుకపురుగు జానెడు పొడుగు, బొటనవేలంత లావు ఉండేది. ఒళ్లంతా ఎరుపు, తలమీద రెండు పెద్ద కళ్లు. సముద్రం ఒడ్డున, ఇసుక పైనే, అందరికీ కనబడేలా పడుకునేది.

ఒకరోజు పోటు పెరిగి, పొరుగున ఉన్న పీత బొరియలోకి నీళ్లు వచ్చేశాయి. దాని పిల్ల గురిగింజంత ఉంటుంది. ఇంకా పరుగెత్తడం రాదు.

"తమ్ముడూ, పైన కొత్త బొరియ తవ్వుకొస్తాను. అంతవరకూ పిల్లను పట్టుకో. అల వస్తే వదలకు" అంది పీత.

"నా బలం నీకు తెలీదా అక్కా? నింపాదిగా తవ్వుకో" అంది పురుగు. తోకను రాయికి చుట్టింది. తలవైపు ఒంటిని పిల్లకు చుట్టింది.

రెండు అలలు వచ్చి వెళ్లాయి. మూడో అల లేత నాచు ముక్కను తెచ్చి పురుగు మూతి ముందు ఆడించింది. పురుగు మెడ చాచింది. పట్టు సడలింది. నాచు నోట్లోకి వచ్చింది, పిల్ల నీళ్లలోకి పోయింది.

పీత పరుగున వచ్చింది. "నా పిల్లేదీ?"

"కొండంత అల అక్కా! ఎంత గట్టిగా పట్టుకున్నా లాక్కుపోయింది."

పీత నీళ్ల అంచున వెతకసాగింది. అంతలో ఇంకో అల వచ్చి పిల్లను ఇసుక మీదికి విసిరింది. ఒక కాలు విరిగింది. ప్రాణం ఉంది.

"మావయ్య నాచు కోసం వంగాడమ్మా, నేను జారిపోయాను" అంది పిల్ల. తర్వాత పురుగు వైపు తిరిగింది. "బాగుందా మావయ్యా?"

పీత పిల్లను వీపున వేసుకుని వెళ్లిపోయింది. తిట్టి ఉంటే పురుగుకు కొంత తేలికగా ఉండేది.

ఇక అది ఎవరికీ మొహం చూపించలేకపోయింది. "నన్ను లోపల దాచు" అని ఇసుకను అడిగింది.

"నా రేణువుల మధ్య సందు వెంట్రుకంత. నువ్వెలా పడతావ్?"

"పట్టేదాకా చిక్కిపోతాను."

తిండి తగ్గించింది. వేలంత అయింది, దారమంత అయింది, చివరికి కంటికి ఆననంత అయింది. ఎరుపు పోయి ఒళ్లు గాజులా మారింది. లోపలి చీకట్లో కళ్లతో పని లేక అవీ పోయాయి.

అయినా అల చప్పుడైతే చాలు, దగ్గరున్న రేణువును పట్టుకుని "వదలను, వదలను" అనేది. అలా పట్టుకోగా పట్టుకోగా తోక చివర జిగురు ఊరింది.

అప్పటినుంచే ఇసుకపురుగులు రేణువుల మధ్య తడిలో, ఎవరి కంటా పడకుండా బతుకుతున్నాయి. అల తగలగానే తోక జిగురుతో రేణువుకు అతుక్కుంటాయి. అల వెనక్కి వెళ్లిపోయినా, వెంటనే వదలవు.