మనిషికో గులకరాయి

ఉదయం ఎనిమిది గంటలు. సముద్రం మీంచి సన్నటి జల్లు పడుతోంది. విశాఖపట్నం చూడవచ్చినవారు బీచి, సబ్‌మెరైను, కైలాసగిరి అయ్యాక తప్పక ఎక్కే గులకరాళ్ల మెట్ట ఈ వేళప్పుడు సగం మంచులోనే ఉంటుంది. పైనుంచి రేవు, ఓడలు, ఊరు మొత్తం కనబడతాయి. మొదటి మెట్టు పక్కన నడుమెత్తు గుడిలో, కళ్లు మాత్రమే చెక్కిన నల్లరాయి ఒకటుంది. ఎక్కేవారు మనిషికొక గులకరాయి ఆ తల్లి ముందున్న బండ మీద పెట్టి వెళ్తారు. దిగాక ఎవరి రాయి వారు తీసి బుట్టలో వేస్తారు.

పూర్వం ఇక్కడ ఇంత ఊరు లేదు. మెట్ట కింద పాతిక గొల్ల కుటుంబాలుండేవి. వారిలో దాలమ్మ అనే ఇల్లాలికి నలుగురు ఆడపిల్లలు, డెబ్భై గొర్రెలు. పొద్దున మంద మెట్ట ఎక్కేటప్పుడు గొర్రెకొక గులకరాయి బండ మీద పేర్చేది. దిగేటప్పుడు ఒక్కొక్కటే తీసేది. రాయి మిగిలితే గొర్రె పైనే ఉండిపోయినట్టు. పిల్లలకు మాత్రం రాయి పెట్టేది కాదు. బిడ్డల్ని లెక్కిస్తే దిష్టి తగులుతుందని ఆ గూడెం భయం. ఒకసారి పెట్టబోతే అత్త సూరమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఓలె దాలీ! బిడ్డల్ని గొర్రెల్నాగ నెక్కెడతావేటే? నీ దిష్టే తగిలీగల్దు."

"మరి నీ కొడుకునో అత్తా?"

"ఆడికేటి తగుల్తాది? ఆడి మొకం సూసినావా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. మాట అక్కడితో ఆగిపోయింది.

ఒకనాడు పిల్లలు నలుగురూ మంద వెంట మెట్ట ఎక్కారు. మధ్యాహ్నానికి సముద్రం వైపునుంచి మబ్బు లేచి, పట్టపగలే ఎదుటి మనిషి కనబడనంత వాన కమ్ముకొచ్చింది. మంద దానంతటదే కిందికి పరుగు తీసింది. దాలమ్మ వానలో నిలబడి రాళ్లు తీసింది. డెబ్భయ్యోది తీసేసరికి బండ ఖాళీ అయింది. ఒక్క గొర్రె తప్పలేదు. దండం పెట్టుకుని ఇంటికి వెళ్లి, పిల్లలకు అంబలి పోసింది. మూడు ముంతలు ఖాళీ అయ్యాయి. నాలుగోది అలాగే ఉండి, పైన తరక కట్టింది.

"నీలి ఏదే?"

"నీతోటే దిగిందనుకున్నామే," అన్నారు అక్కలు.

దాలమ్మ కొంగు నడుముకు బిగించి మెట్ట ఎక్కింది. బాట వాగైపోయింది. రెండుసార్లు జారింది. పిలుపును గాలి ఎత్తుకుపోయింది. డెబ్భై రాళ్లు తీసిన చేతులు ఇవేనని మాత్రం ఆమెకు గుర్తుంది.

పైన, రెండు బండల సందులో, ఒక నల్లరాతిని వాటేసుకుని ఆరేళ్ల నీలి కూర్చుని ఉంది. ఒంటి మీద చుక్క తడి లేదు.

"కదలకు, మీ అమ్మ నెక్క సూసుకుని వొస్తాదని ముసలమ్మ సెప్పింది," అంది పిల్ల. "ఎంతసేపు నెక్కెట్టినావే అమ్మా?"

అక్కడ ముసలమ్మ లేదు. ఆ రాయి ఉంది.

మర్నాడు తెల్లవారుజామున దాలమ్మకు కల వచ్చింది. ముసలమ్మ గుమ్మంలో నిలబడింది. "గొర్రెకో రాయి ఎట్టినావు. బిడ్డకెందుకు ఎట్టనేదు? దిష్టి నాకొదిలీ. నెక్క నువ్వు సూసుకో," అని చెప్పి మాయమైంది.

కల విని సూరమ్మ తానే లేచి, వాకిట్లో గులకరాళ్లు ఏరి కోడలి చేతిలో పోసింది. అయిదున్నాయి.

"అయిదోది ఎవరికత్తా?"

"ఆడికి," అంది సూరమ్మ.

ఆ నల్లరాతిని కిందికి దింపి, బండ దగ్గర నిలిపారు. ఆమే గులకరాళ్ల తల్లి.

నేటికీ దాలమ్మ ఇంటి పెద్దకూతురే ఇక్కడ పూజారి. ఇప్పుడు ఆ వంతు ఆదిలక్ష్మిది. బండ మీద ఒక్క రాయి ఉన్నా ఆమె గుడి తలుపు వేయదు, దీపం కొండెక్కనివ్వదు. రాయి తీయడం మరిచి రైలెక్కినవారు ఫోను చేయాలి. గొంతు విన్నాకే ఆ రాయి తీస్తుంది. అందుకే గుమ్మం మీద ఆమె నంబరు రాసి ఉంటుంది. ఇక్కడ రాయి పెట్టినవారు ఎంత దూరం తిరిగినా క్షేమంగా ఇల్లు చేరతారని నమ్మకం. తల్లులు పిల్లల్ని పైకే లెక్కపెట్టవచ్చు. దిష్టి అమ్మవారిది.

సాయంత్రం ఆరు గంటలు. జల్లు వెలిసింది. బండ మీద నాలుగు రాళ్లున్నాయి. ఆదిలక్ష్మి వత్తి ఎగదోసి, మెట్లవైపు తిరిగి, దిగేవారిని లెక్కపెడుతూ నిలబడింది. ధాన్యం కొలిచేటప్పటిలాగే ఇక్కడ కూడా ఒకటి అనరు.

లాభం. రెండు. మూడు.

మెట్ల మలుపు దగ్గర చిన్న చెప్పుల చప్పుడు.

నాలుగు.