పోతయ్య దోసపాదు

మద్దికోనలో బళ్లన్నీ దారికి కుడిపక్కన నడుస్తాయి. వాగు అవతల తుమ్మకొండలో ఎడమపక్కన నడుస్తాయి. ఎవరి అలవాటు వారిది, అందులో గొప్పా తక్కువా లేదు. ఈ సంగతి తెలియక కాదు, తెలిసీ లెక్కచేయక చెడ్డాడు కోతి పోతయ్య.

పోతయ్యది తుమ్మకొండ. వెదురు బుట్టలు అల్లడంలో అతను పెట్టింది పేరు. మద్దికోన వెదురు బాగా వంగుతుందని విని, ఎద్దు మైలన్నతో, బండితో వాగు దాటి వచ్చి అక్కడే పాక వేసుకున్నాడు. అల్లిన బుట్టల్ని కాకులు తుమ్మకొండకు మోసుకుపోయి, బదులుగా పళ్లు తెచ్చిపెట్టేవి. ఉండేది ఇక్కడ, తినేది అక్కడిది.

మద్దికోనలో ఒక కట్టుబాటు ఉంది. బండి తోలేవాడి మెడలో ఆ కోన గంట ఉండాలి. దున్న బోడన్న పక్కన కూర్చోబెట్టుకుని దారులు నేర్పి, చెయ్యి కుదిరిందనుకున్నాకే ఆ గంట కడతాడు. గంట ఉన్నవాడి బండికి ఏదైనా జరిగితే ఎలుగు తాత వచ్చి విరిగిన ఎముక కడతాడు. ఆయన తిండి బండ్లవాళ్లందరూ కలిసి చూసుకుంటారు. ఇక చుట్టపుచూపుగా వచ్చినవాడికి రేవులో కొంగ ఒక పచ్చి వెదురు కడియం తొడుగుతుంది. అది పసుపు తిరిగేదాకా సొంతవూరి గంటతోనే తోలుకోవచ్చు, ఎలుగు తాత సాయమూ అందుతుంది.

కడియం రంగు మారడం ముందుగా చూసింది మైలన్నే.

"బావా, బోడన్న దగ్గరికి పోదాం. గంట కట్టించుకో."

"కొండ మలుపుల్లో బండి తోలినవాణ్ణి. దున్న పక్కన కూర్చుని నేర్చుకోమంటావా?"

"తోలడం నీకు వచ్చు. వీళ్ల దారి రాదు."

"వీళ్ల పళ్లు తినను, వీళ్లకు బుట్టలమ్మను. నేనిక్కడ చుట్టాన్నే."

పాక గుమ్మం పక్కన పోతయ్య నాటిన దోసపాదు పూతకొచ్చి ఉంది. మైలన్న దాని వంక చూసి ఊరుకున్నాడు.

ఆ మాటలు పొదలో ఉన్న నక్క చెవిన పడ్డాయి. "పోతయ్య మామా, ఇంతమాత్రానికి దున్న పక్కన కూర్చోవడమెందుకు? వాగు దాటి ఆ ఒడ్డున కునుకు తీసి రా. కొంగ కొత్త కడియం తొడుగుతుంది."

"మొన్ననే వచ్చావు కదా అనదూ?"

"కొంగ చూపంతా చేపల మీద. వచ్చినవాడి చెయ్యే చూస్తుంది, మొహం చూడదు."

"ఇందులో నీకేంటి?"

"నీ పాదున కాసే దోసకాయల్లో నా వాటా నాకు పడేయ్, చాలు."

నక్క చెప్పినట్టు మొదటిసారి వాగు దాటి వచ్చినప్పుడు పోతయ్య మొహం పక్కకు తిప్పుకుని కొంగకు చెయ్యి ఒక్కటే చాచాడు. ఏడాది తిరిగేసరికి అదొక అలవాటైపోయింది. కడియం పసుపు తిరగడం, వాగు దాటడం, పచ్చ కడియంతో తిరిగి రావడం. కొత్త కడియం తొడిగించుకుని వచ్చిన ప్రతిసారీ మైలన్న ఒకటే అనేవాడు. "మలుపు నీ కడియం చూడదు బావా."

"నీ సణుగుడు బండి చప్పుడు కంటే ఎక్కువైంది" అనేవాడు పోతయ్య.

ఒక మంచు పొద్దున వెదురు మోపులతో వస్తున్నారు. ముందు ఏమీ కనబడటం లేదు. మలుపులో ఎదురుగా గంట మోగింది. పోతయ్య చెయ్యి పుట్టినప్పటి అలవాటు కొద్దీ పగ్గాన్ని ఎడమకు లాగింది. ఎదురొస్తున్న బండి కూడా ఆ పక్కనే ఉంది. చివరి క్షణంలో మైలన్న తనంతట తాను పక్కకు దూకాడు. ఎదుటి బండి దక్కింది. మైలన్న ముందుకాలు గుంటలో పడి విరిగింది.

ఎలుగు తాత వచ్చి కాలు తడిమి చూశాడు. "వెంటనే కడితే మునుపటిలా నడుస్తాడు. ఏదీ నీ గంట?"

పోతయ్య పచ్చ కడియం చూపించాడు.

"చుట్టానివా. సరే, నీడకు చేర్చండి. ఎక్కడ దిగావు?"

నలుగురూ పట్టి మైలన్నను పాక దగ్గరికి చేర్చారు. పోతయ్యకు ప్రాణం లేచొచ్చింది. పెద్దాయనను మంచి చేసుకోవాలని ఒక పండిన దోసకాయ కోసి చేతిలో పెట్టాడు. "తినండి తాతా. బయటిది కాదు, నేను గింజ నాటి పెంచుకున్న పాదే."

ఎలుగు తాత కాయ కొరకలేదు. పాదు ఆకులు తొలగించి చూశాడు. పచ్చని తీగ కింద ఎండిపోయిన పాత తీగ కనిపించింది.

"ఇది నిరుటి పాదు కదూ?"

పోతయ్య చేతి కడియాన్ని అరచేత్తో కప్పుకున్నాడు.

"నిరుడు నాటినవాడు నిన్న వచ్చిన చుట్టం ఎలా అవుతాడు అబ్బాయ్? చుట్టానికి దారి తెలియదు, మేమే సర్దుకుంటాం. ఇల్లు కట్టుకున్నవాడు నేర్చుకోవాలి."

"తప్పు నాది తాతా. కాలు వాడిది. నన్ను తరిమేయండి, వాడికి కట్టు కట్టండి."

"కడితే, రేపటినుంచి గంట ఎవరు కట్టించుకుంటారు? నాకు తిండి ఎవరు పెడతారు? కోనంతటికీ ఎముక కట్టేవాణ్ణి నేనొక్కణ్ణే." తాత పసర్ల మూట భుజానికెత్తుకుని, ఒకసారి మైలన్న వంక చూసి, తల దించుకుని వెళ్లిపోయాడు.

పోతయ్య నక్క దగ్గరికి పరిగెత్తాడు. నక్క దోసకాయ నములుతూనే అంది, "కడియం ఇప్పిస్తానన్నాను, ఇప్పించాను మామా. కాలు కడతానన్నానా?"

చివరికి పోతయ్యే వెదురు బద్దలు చీల్చి కట్టాడు. బుట్టలల్లే చెయ్యి అది, ఎముక తెలిసిన చెయ్యి కాదు. కాలు అతికింది, వంకరగా అతికింది.

ఆ తర్వాత పోతయ్య బోడన్న పక్కన తల వంచుకుని కూర్చున్నాడు. దారులన్నీ నేర్చుకున్నాడు. మెడలో గంటతో పాకకు తిరిగొచ్చిన రోజున, కాడి దింపేసిన బండి చక్రాల చుట్టూ దోసతీగ అల్లుకుని ఉంది. మైలన్న పడుకున్నచోటనుంచే తలెత్తి గంట చప్పుడు విన్నాడు.

"మంచి గంట బావా" అన్నాడు.

ఇల్లు కట్టుకున్నచోట చుట్టంగా చలామణి కావాలనుకునేవాడికి, ఆపద వచ్చిన రోజున చుట్టం మర్యాదా దక్కదు, ఇంటివాడి ఆసరా దక్కదు.