కోతి సెలూన్‌లో ఒకటే డబ్బా

ఎండాకాలం వచ్చిందంటే ఆ అడవిలో బొచ్చున్న ప్రతి ప్రాణికీ ఒళ్ళు తేలిక చేసుకోవాలనిపిస్తుంది. గొర్రెలకీ ఎలుగుబంట్లకీ జుట్టు కత్తిరించి బతికేవాడు కోతి గవరయ్య. కత్తెర పనిలో చెయ్యి తిరిగినవాడే. డబ్బు దగ్గరే బుద్ధి తిరగలేదు.

కుర్చీ కింద ఒక రేకు డబ్బా. సంపాదనంతా అందులో పడేది, పడిన చప్పుడు ఆగకముందే ఇంటికి పోయేది. పెళ్ళానికి గాజులు, పిల్లలకి జీళ్ళు, బావమరిదికి చేబదులు. కత్తెరకి సాన పట్టించాలంటే మాత్రం డబ్బా ఖాళీ.

పక్క కొట్టులో బట్టలు కుట్టే కోడి ఉండబట్టలేక అంది.

"అన్నా, ఇంకో డబ్బా పెట్టుకో. కొట్టు డబ్బు కొట్టుకి ఉంచి, ఇంటికి నెలనెలా జీతంలా తీసుకో."

"నా కొట్టులో నేనే జీతగాణ్ణా? గుడ్లు లెక్కపెట్టుకునే అలవాటు నీది చెల్లీ, నాకెందుకా ఖర్మ" అని నవ్వాడు గవరయ్య.

ఆ నెలలోనే చిన్నకొడుకు పుట్టువెంట్రుకలు తీయించాలనుకున్నాడు. అడవంతా భోజనాలకి రావాలట. డబ్బాలో చెయ్యి పెడితే అడుగు తగిలింది. సరాసరి నక్క కిరాణా కొట్టుకి వెళ్ళాడు.

నక్క బెల్లం తూస్తూ అడిగింది. "అరువు ఎవరి పేర రాయను మామా, ఇంటికా, సెలూన్‌కా?"

"రెండూ ఒకటేరా అల్లుడూ. నా ఇల్లే కొట్టు, నా కొట్టే ఇల్లు."

"ఎంత మంచి మాటన్నావు మామా. విందులో అందరి ముందూ ఇంకోసారి అను, మావాళ్ళూ నేర్చుకుంటారు."

అన్నాడు. పాయసం గిన్నె పట్టుకుని ప్రతి పంక్తిలోనూ అన్నాడు. తిన్నవాళ్ళందరూ తలలూపారు. నక్క మారు వడ్డించుకుంది.

ఎండలు ముదిరాయి. సెలూన్ ముందు బారు కట్టారు. పెళ్ళిచూపులకి వెళ్ళాల్సిన ఎలుగుబంటి కుర్చీలో కూర్చుంది. ఎడమవైపు కత్తిరించడం అయ్యేసరికి నక్క వచ్చి బాకీ అడిగింది.

"అది ఇంటి బాకీరా. పని చెడగొట్టకు, సాయంత్రం ఇంటికి రా."

"ఇంటికే వచ్చాను మామా. నీ కొట్టే ఇల్లు కదా."

గవరయ్య బారులో ఉన్నవాళ్ళ వైపు చూశాడు. "అన్న మాట నిజమే, నేను రెండు పంక్తుల్లో విన్నాను" అంది మేక. అది రెండు పంక్తుల్లోనూ తింది.

డబ్బా తెరిస్తే ఎప్పట్లాగే ఖాళీ. నక్క కత్తెర, దువ్వెన, అద్దం సంచిలో వేసుకుంది. ఆపైన ఎలుగుబంటితో "కుర్చీ కూడా బాకీలోదే బాబాయ్, కాస్త లేస్తారా" అంది. సగం బోడిగా లేచిన ఎలుగుబంటి, నక్కని ఏమీ అనలేక గవరయ్య చెంప పగలగొట్టింది. పాపం, ఆ పెళ్ళిచూపుల సంగతి అడక్కండి.

ఇప్పుడు అక్కడే, అదే కుర్చీ వెనక, గవరయ్య అదే కత్తెర ఆడిస్తున్నాడు. సెలూన్ మాత్రం బాకీ కింద నక్కదైపోయింది. మొన్న పాత అలవాటుకొద్దీ డబ్బాలో చెయ్యి పెట్టబోతే, నక్క మూత మీద పంజా వేసింది.

"అది కొట్టు డబ్బా మామా. నీ జీతం ఒకటో తారీఖున ఇస్తాగా."

తన కొట్టులో తాను జీతగాడు కావడానికి సిగ్గుపడితే, అదే కొట్టులో ఇంకొకడికి జీతగాడు కావాల్సి వస్తుంది.